పెద్ద కెమేరా: అతుకుల చరిత్ర

కెమేరా యనగానే అది ఒకే కర్మాగారమున, ఒకే చేతిమీదుగా రూపొందిన వస్తువని మనకు తోచును. చరిత్ర అట్లు చెప్పదు. 1839లో పారిసు నగరమున డాగెర్ తన ఛాయాచిత్ర విధానమును లోకమునకు వెల్లడించినపుడు, ఆయన పేర అమ్మకమునకు వచ్చిన కెమేరా పెట్టెను తయారుచేసినవాడు అల్ఫోన్స్ జిరూ. అందులోని కటకమును సానపట్టినవాడు షార్ల్ షెవాలియే. పెట్టె ఒకరిది, కన్ను మరియొకరిది. తరువాత 1912లో మ్యూనిక్ నగరమునందలి డెకెల్ సంస్థ ‘కంపూర్’ షట్టరును తెచ్చుటతో మూడవ చేయి కూడ కలిసినది. పెద్ద కెమేరా పుట్టుకతోనే పలువురి పనితనపు పొత్తు. కావున నేడు పాతసామానుగా కొన్న కెమేరాలో భాగములు ఒకదానితో నొకటి పొసగకుండుట వింత కాదు. వానిలో దేనిని సర్దుకొనవచ్చునో, దేనిని సర్దుకొనరాదో తెలిసికొనుటయే ముఖ్యము.

మన దక్కనులో ఈ పెద్ద కెమేరా ఘనత రాజా దీనదయాళుతో ముడివడియున్నది. 1844లో మీరటు సమీపమునందలి సర్ధనలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నేర్చిన ఆయన, 1885 ప్రాంతమున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. నాడు చిత్రమును పెద్దది చేసికొను సౌకర్యము సులభముగ లేదు. ఎంత చిత్రము కావలెనో అంత గాజుపలకనే కెమేరాలో పెట్టవలసియుండెను. ఆ పలకలు బరువైనవి, పెళుసైనవి. అయినను 1905లో ఆయన మరణించిన తరువాత కూడ ఎన్నియో నిలిచియుండి, 1989లో 2,857 గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. ఆ పలకలలోని సూక్ష్మత నేటి కన్నును సైతము నిలిపివేయును.

విదేశముల నుండి వచ్చు కెమేరాలు సామాన్యునికి అందుబాటులో లేని దినములలో మన దేశపు వడ్రంగులు, కంచరులు ఆ లోటు తీర్చిరి. కేరళలోని ఆలప్పుళలో 1940 దశాబ్దమున కరుణాకరన్ అనునాయన ‘వాగీశ్వరి’ యను పెద్ద కెమేరాను కఱ్ఱతోను ఇత్తడితోను నిర్మించి దేశమంతట అమ్మెను. ఇంగ్లండు కంపెనీలు కూడ ఉష్ణదేశముల కొరకు టేకుతో చేసి ఇత్తడి పట్టీలు బిగించిన నమూనాలను వేరుగా తయారుచేసెడివి. ఎండకును ముసురునకును ఓర్చుకొను కఱ్ఱ ఏదో వారికి తెలియును. ఆదిలాబాదు అడవులకు పేరు తెచ్చినది ఆ టేకే.

ఇక ఒంటికమ్మీ కెమేరా సంగతి. పూర్వపు కెమేరా అడుగున పీట వంటి పలక యుండి, దానిపై ముందు వెనుక చట్రములు జరిగెడివి. ఆ పీటను తీసివేసి, ఒకే కమ్మీపై రెండు చట్రములను నిలుపుట కొత్త మార్గము. 1941లో అమెరికాలో ‘గ్రాఫిక్ వ్యూ’ ఈ తీరున వచ్చినది. 1948 నాటికి స్విట్జర్లండులోని షాఫ్‌హౌజెన్ నగరవాసి కార్ల్ కోఖ్ ‘సినార్’ను తెచ్చెను. కమ్మీ, చట్రము, తిత్తి, వెనుకభాగము దేనికది విడదీసి, కావలసినదానిని తిరిగి తగిలించుకొనవచ్చును. విడదీయ వీలుండుటయే దాని గొప్ప గుణము. పాతబజారులో చిక్కులకు మూలమును అదియే. ఒకనాటి యజమాని కమ్మీని ఉంచుకొని చట్రమును అమ్మును. మరియొకడు తిత్తిని మార్చును. చివరకు కొన్నవాని చేతికి నాలుగిండ్ల సామాను వచ్చును.

మొదటి చిక్కు కటకపు పలకది. సినార్ పలక 140 మిల్లీమీటర్ల చదరము. టోయో పలక 158. కాంబో పలక 162. లిన్‌హోఫ్ టెక్నికా పలక 96కు 99. షట్టరుకు కావలసిన రంధ్రము కూడ ఒకటి కాదు: కోపాల్ 0 సంఖ్యకు సుమారు 35 మిల్లీమీటర్లు, 1 సంఖ్యకు 42, 3 సంఖ్యకు 65. అయినను ఇది పెద్ద దోషము కాదు. చదునైన టేకు పలకను గాని, ఇత్తడి రేకును గాని కొలతకు కోయించి, రంధ్రము తొలిపించి, లోపలివైపు మెరుపులేని నల్లరంగు పూసిన చాలును. వెండితీగను వెండ్రుకవలె సాగదీసి అల్లు కరీంనగరపు పనివారికి, కొయ్యను పండుగా మలచు నిర్మల పనివారికి ఈ సూక్ష్మత కొత్తది కాదు.

రెండవది తిత్తి. కొలిమితిత్తి వలె ముడుతలు పడు ఈ తోలుతిత్తి రామగుండము ఎండలవంటి ఎండలో మూలమూలల చిట్లును. చీకటిగదిలో లోపల చిన్న దీపముంచి చూచినచో సూదిబెజ్జములు నక్షత్రములవలె కనబడును. పలుచని నల్లగుడ్డ ముక్కను జిగురుతో అంటించి వానిని మూయవచ్చును. చట్రపు కొలతకు సరిపడని తిత్తికి నడుమ ఒక కఱ్ఱ చట్రమును చేర్చవచ్చును. కమ్మీ సన్ననైనచో బిగింపులో ఇత్తడి తొడుగు వేయవచ్చును. ఇవన్నియు సర్దుబాటులే.

సర్దుకొనరానిది ఒక్కటే కలదు. అది వెనుకభాగము. చిత్రకారుడు నల్లగుడ్డ క్రింద చూచునది గరుకుటద్దముపై బొమ్మను. ఫిలుము నిలుచునది హోల్డరులో. ఈ రెండును కటకమునకు సమదూరమున ఉండవలెను. 4 అంగుళాలకు 5 అంగుళాల హోల్డరులో ఫిలుము ఒదుగు పళ్ళెరపు లోతు ప్రమాణము ప్రకారము 0.197 అంగుళము, అనగా సుమారు 5 మిల్లీమీటర్లు. వేరొక కెమేరా నుండి తెచ్చిన అద్దపు చట్రము అర మిల్లీమీటరు తేడాగా కూర్చున్నను, కంటికి స్పష్టముగ తోచినది ఫిలుముపై మసకబారును. కటకరంధ్రమును చిన్నది చేసినపుడు ఈ దోషము దాగియుండును. పూర్తిగా తెరచినపుడు బయటపడును. అందుచేతనే దీనిని చాలకాలము పోల్చుకొనలేరు.

పరీక్ష సులభము. కొలబద్దను ఏటవాలుగ నిలిపి, నడుమ అంకెపై చూపు కుదిర్చి, రంధ్రము పూర్తిగా తెరచి బొమ్మ తీయవలెను. దాని కంటె దగ్గరి అంకె స్పష్టమైనచో ఫిలుము అద్దము కంటె వెనుకనున్నదని అర్థము. అద్దము క్రింద పలుచని కాగితపు ముక్కలు పెట్టి దానిని వెనుకకు జరుపవలెను. దూరపు అంకె స్పష్టమైనచో అద్దమును ముందుకు తేవలెను. అద్దపు గరుకుముఖము కటకమువైపే యున్నదా యని మొదటనే చూచుకొనవలెను. తిరగబడిన అద్దమే అనేక చిక్కులకు కారణము.

ఇంత శ్రమ యెందుకని శ్రోతలు అడుగవచ్చును. కరీంనగరు జిల్లా గంగాధర సమీపమున కురిక్యాల యను గ్రామము కలదు. అక్కడి బొమ్మలమ్మగుట్ట బండపై చక్రేశ్వరి, జైన తీర్థంకరుల ప్రతిమలును, వాని దిగువ సంస్కృత కన్నడ తెలుగు భాషల శాసనమును కలవు. వేములవాడ చాళుక్యుల కాలమున, సుమారు 945 ప్రాంతమున, కన్నడ మహాకవి పంపని సోదరుడు జినవల్లభుడు దానిని చెక్కించెను. అందు మూడు తెలుగు కందపద్యములున్నవి. నన్నయకు పూర్వపు మన పద్యమునకు ఆ బండయే సాక్షి.

అట్టి ఎత్తైన బండను చిన్న కెమేరాతో తలయెత్తి తీసినచో పైభాగము కుంచించుకొనిపోవును. పెద్ద కెమేరాలో వెనుక చట్రమును బండకు సమాంతరముగ నిలిపి, ముందు చట్రమును మాత్రము పైకి జరిపినచో రేఖలు నిటారుగ నిలుచును. ఏటవాలు బండయైనచో కటకమును తగినంత వంచి, అంచునుండి అంచువరకు ప్రతి అక్షరమును స్పష్టము చేయవచ్చును. ఈ సూత్రమును ఆస్ట్రియా దేశీయుడు షైంప్‌ఫ్లూగ్ 1904 నాటి పేటెంటులో వివరించెను. ఎలగందుల మినారులకును, వేములవాడ గోపురమునకును ఇదియే వర్తించును.

కరీంనగరు గుట్టలను గ్రానైటు కొరకు తొలుచుచున్న కాలమిది. బండ పోయిన నాడు దాని చిత్రమే మిగులును. ఆ చిత్రములో అక్షరము చదువ వీలగునా, మసకబారునా యన్నది అర మిల్లీమీటరుపై ఆధారపడియుండును. పాత కెమేరాలో ముందుభాగము ఏ దేశపుదైనను కావచ్చును, తిత్తి ఎన్ని అతుకులదైనను కావచ్చును. వెనుక అద్దమును ఫిలుమును మాత్రము ఒకే తలమున నిలిచిన చాలును. ఆ కొలతను సరిచూచిన పిమ్మటనే గుట్ట యెక్కుట మంచిది.