గుంటూరి ఎర్రగీత

చందానగరులో మా మిద్దెపై నిలిచి రాత్రివేళ ఆగ్నేయముగా చూచినచో, హైటెక్ సిటీ మేడల వెలుగు మింటికి ప్రాకి చుక్కలను మ్రింగివేయగా, మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. దగ్గరి నక్షత్రములే సరిగా కానరాని యీ తావున నుండి, వందలకోట్ల కాంతిసంవత్సరముల యావల కొత్త నక్షత్రములను కనుచున్న మసక గెలాక్సీల గణన యెట్లు మొదలయ్యెనో చెప్పబూనుట సాహసమే. అయినను ఆ కథకు మూలమొకటి మన గుంటూరులో నున్నదని తలచినపుడు ఊరకుండ మనసొప్పదు.

1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు, ఫ్రాన్సు నుండి వచ్చిన ఖగోళజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినిని నెలకొల్పి సూర్యుని యంచున ఎగసిన జ్వాలలను పరీక్షింపగా, ఇంద్రధనుస్సు వంటి ఎడతెగని పట్టీకి మారుగా విడివిడి మెరుపుగీతలు కనబడెను. వానిలో ఎర్రనిదియు నీలిదియు హైడ్రోజనువి. అవి యెంత కాంతిమంతములనగా, గ్రహణము లేకున్నను చూడవచ్చునని యాతనికి తోచెను. మరునాడే చూచి తన యూహ నిజమని యెరిగెను. లోకము ఆ గ్రహణమును హీలియము జాడ తెలిపిన పసుపుగీత కొరకు స్మరించును గాని, నా మనసు ఎర్రగీతనే పట్టుకొన్నది.

ఏలయన, నక్షత్రములు పుట్టుచోట, నవజాతములైన మహాతారల అతినీలలోహిత కాంతి చుట్టునున్న హైడ్రోజను పరమాణువులను భేదింపగా, అవి మరల కూడుకొనునపుడు వెలువడునదియు ఆ గీతయే. (అట్లు భేదించు కాంతియే కొంత తప్పించుకొని వచ్చుచుండగా, శ్రీహరికోట నుండి 2015లో ఎగసిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము 930 కోట్ల కాంతిసంవత్సరముల దూరపు గెలాక్సినుండి దానిని పట్టినది.) ఎర్రగీత తరంగదైర్ఘ్యము 0.656 మైక్రాన్లు. దాదాపు 800 కోట్ల ఏండ్ల క్రిందట బయలుదేరిన కాంతిలో, విశ్వవ్యాకోచముచే రెండింతలు సాగి, అది 1.31 మైక్రాన్ల పరారుణమై మనలను చేరును. ఆ పరారుణమున మన వాతావరణమే రాత్రియెల్ల స్వయముగా వెలుగుచుండుటచే, మసక గెలాక్సులను వెదకువారికి అంతరిక్షమే శరణ్యమయ్యెను.

2009 మే నెలలో అంతరిక్షమందలి హబుల్ దుర్భిణికి అమర్చిన కొత్త కెమెరాలో గ్రిజమ్ అను పలక యొకటి కలదు. సన్ననిగీతలు గీచిన పట్టకమది. పందొమ్మిదవ శతాబ్ది చివర హార్వర్డు వేధశాలలో పికరింగు దుర్భిణి ముందు పట్టకము నిలిపి ఒకే ఫలకముపై పెక్కు తారల వర్ణపటములను తీసిన పద్ధతికిది కొనసాగింపు. ముంగిటి ముగ్గుచుక్కలన్నిటిని ఒక్కమారు ఒకే దిక్కునకు లాగినచో ఎట్లుండునో, దానిగుండ తీసిన చిత్రమట్లుండును: ప్రతి గెలాక్సియు చారగా సాగును, దగ్గరివి ఒకదానిపై నొకటి పడి కలగిపోవును గనుక దుర్భిణిని కొంత త్రిప్పి మరల తీయుదురు. మిక్కిలి మసకగెలాక్సికి చారయే కానరాదు. చీకటిలో ఒక్క చుక్క మిగులును. అది ఎర్రగీతయో, ఆక్సిజను గీతయో, మరియొక చుక్క తోడుపడినగాని తేలదు.

ఆ కెమెరాతోడి సర్వేలలో నన్ను మిక్కిలి యాకర్షించినది 'విస్ప్'. హబులునందలి వేరొక పరికరము తన లక్ష్యమును చూచుచున్నంతసేపును, ఈ కెమెరా ప్రక్కనున్న ఆకాశమును, అది యేదైనను సరే, చిత్రించుచుండెను. ఎవరును ముందుగా ఎంచుకొనని తావులగుటచే, అచట దొరికిన గెలాక్సులకు పక్షపాతదోషము తక్కువ.

2021 డిసెంబరులో వెడలిన జేమ్స్ వెబ్ దుర్భిణి ఈ విద్యనే మరింత లోతునకు కొనిపోయెను. 2023 జూలై 1న వెడలిన యూక్లిడ్ దుర్భిణి, ఆకాశమున మూడవవంతును గ్రిజములతో గాలించుచు, కోట్లకొలది గెలాక్సులయందు ముఖ్యముగ వెదకుచున్నది, జాన్సెన్ గుంటూరున చూచిన యా ఎర్రగీతనే.