పుర్రె కొలతలతో ఆడా, మగా తేల్చడం ఎలా? ఎంతవరకు నమ్మొచ్చు?

గుర్తు తెలియని ఎముకలు దొరికినప్పుడు పోలీసులు ఫోరెన్సిక్ వైద్యుణ్ని ముందుగా అడిగే ప్రశ్నలు నాలుగు: ఇవి మనిషి ఎముకలేనా, ఆడా మగా, వయసెంత, ఎత్తెంత? రెండో ప్రశ్నకు జవాబు దొరికితే అదృశ్యమైనవారి జాబితాలో వెతకాల్సిన పేర్లు బాగా తగ్గిపోతాయి. ఆ జవాబే తప్పయితే అసలు వ్యక్తి పేరు జాబితాలోంచి జారిపోతుంది.

ఏం చూస్తారు?

మగవారి పుర్రె సాధారణంగా పెద్దది, బరువైనది. కనుబొమల దగ్గర ఎముక ముందుకు పొడుచుకొస్తుంది. చెవి వెనుక బొడిపె (మాస్టాయిడ్) లావుగా, మెడ కండరాలు అతుక్కునే చోటు గరుకుగా, గడ్డం చదరంగా ఉంటాయి. ఆడవారిలో నుదురు నిటారుగా, కంటిగూటి పైఅంచు పదునుగా ఉంటుంది. ఈ తేడాలు యుక్తవయసులో ఏర్పడేవి కాబట్టి పిల్లల పుర్రెల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. వయసు మళ్లిన మహిళల పుర్రెలు కొన్ని మగవారివిలా కనిపించే అవకాశమూ ఉంది.

కొలతలు ఎందుకు?

కంటితో వేసే అంచనా చూసేవారి అనుభవాన్ని బట్టి మారుతుంది. అందుకే పుర్రె పొడవు, వెడల్పు, చెంప ఎముకల మధ్య దూరం, మాస్టాయిడ్ పొడవు వంటివి కొలుస్తారు. ఒక్కో కొలతను నిర్ణీత సంఖ్యతో గుణించి కూడతారు. మొత్తం ఒక హద్దు దాటితే మగ, దాటకపోతే ఆడ. దీన్నే డిస్క్రిమినెంట్ ఫంక్షన్ అంటారు. 1963లో జైల్స్, ఇలియట్ అమెరికా పుర్రెల ఆధారంగా రూపొందించిన సూత్రాలు 82 నుంచి 89 శాతం వరకు సరైన ఫలితమిచ్చాయి. కటి ఎముక దొరికితే నిపుణులు దానికే మొదటి స్థానం ఇస్తారు.

అమెరికా హద్దును దక్షిణ భారతీయులకు యథాతథంగా వాడితే చిక్కే. సగటు పుర్రె పరిమాణం తక్కువగా ఉన్న జనంలో మగవారు కూడా ఆడవారి లెక్కలో పడిపోతారు. స్థానిక కొలతలు కావాలనడం అందుకే.

బాహూరు లాంటి చోట్ల

పుదుచ్చేరిలోని బాహూరు కొమ్యూన్‌లో పిళ్లయార్‌కుప్పం, కిరుమాంబాక్కంలలో వైద్య కళాశాలలున్నాయి. స్థానిక కొలతలు రావాల్సింది ఇలాంటి కళాశాలల నుంచే. అయితే బోధన కోసం సేకరించిన పుర్రెలు ఎవరివో చాలాసార్లు రికార్డు ఉండదు. ఆకారం చూసి మగ అని రాసుకుని, అదే పుర్రెతో కొలతల కచ్చితత్వాన్ని పరీక్షిస్తే, రాసినవాడే తన పేపరు దిద్దుకున్నట్టు. ఆడో మగో ముందే తెలిసిన రోగుల సీటీ స్కాన్లపై కొలిస్తే ఈ లోపం ఉండదు.

డీఎన్ఏ ఉండగా ఇదెందుకు?

రూప్‌కుండ్ సరస్సు అస్థిపంజరాలపై హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2019లో వెలువడింది. అందులో 38 మంది జన్యువులను విశ్లేషించి 23 మంది పురుషులు, 15 మంది మహిళలని తేల్చారు. అంత స్పష్టత కొలతలకు లేదు. కానీ కాలిపోయిన, బాగా శిథిలమైన ఎముకల్లో డీఎన్ఏ దొరకకపోవచ్చు. పరీక్షకు సమయం, ఖర్చు కూడా ఎక్కువే. కొలతలకు కాలిపర్ చాలు.

కోర్టుకు ఇది నిపుణుడి అభిప్రాయమే తప్ప తీర్పు కాదు. ఏ సూత్రం వాడారు, అది ఏ జనంపై తయారైంది, తప్పే అవకాశం ఎంత అన్నవి నివేదికలో ఉండాలి. ఫలితం హద్దుకు దగ్గరగా ఉంటే ‘నిర్ధారించలేం’ అని రాయడమే సరైన జవాబు.