మస్టాంగుల మందలు, దత్తతల పద్దులు: అమెరికా పశ్చిమభూములలో స్వేచ్ఛాశ్వ నిర్వహణపై ఒక పరిశీలన

అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమభాగమున, నెవాడా, యూటా, వయోమింగ్ మొదలైన రాష్ట్రములలో వ్యాపించిన మెట్టభూములందు ఏ యజమానికిని చెందక స్వేచ్ఛగా సంచరించు గుఱ్ఱములను, గాడిదలను రక్షింపవలెనని 1971 డిసెంబరులో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సంతకముతో వెలసిన శాసనము, ఆ దేశపు ఉభయసభలలోను ఏకగ్రీవముగా నెగ్గిన అరుదైన శాసనములలో నొకటి. దాని వెనుక రెండు దశాబ్దముల ప్రజాందోళనము కలదు. నెవాడాలో ఒక కార్యాలయమున కార్యదర్శినిగా పనిచేయుచుండిన వెల్మా జాన్‌స్టన్ అను స్త్రీ, 1950లో గుఱ్ఱములను వధశాలకు గొనిపోవుచున్న లారీనుండి నెత్తురు కారుచుండుట చూచి, విమానములతోను మోటారుబండ్లతోను ఈ జంతువులను తఱిమి పట్టు ఆచారముపై పోరాటము సాగించెను. 1959లో ఆ ఆచారమును నిషేధించిన చట్టము నేటికిని ఆమె మాఱుపేరైన 'వైల్డ్ హార్స్ యానీ' పేరిటనే జనుల వాడుకలో నిలిచియున్నది.

1971నాటి శాసనము మస్టాంగులనబడు ఈ గుఱ్ఱములను పశ్చిమదేశపు చరిత్రకు సజీవచిహ్నములుగా కీర్తించుటతో తృప్తిచెందక, ఆ భూములలో ప్రకృతిసిద్ధమైన సమతౌల్యమును నిలుపవలెనని కూడ ఆదేశించినది. సమతౌల్యమునకు మించిన జంతువులను ఏమి చేయవలెనో 1978 సవరణము క్రమముగా నిర్దేశించినది: ముసలివానిని, రోగగ్రస్తములైనవానిని బాధలేకుండ చంపవలెను, ఆరోగ్యవంతములైనవానిని పట్టి, పోషింపగల గృహస్థులకు దత్తత నీయవలెను, దత్తతకు కోరువారు లేక మిగిలినవానిని సైతము బాధలేకుండ చంపవలెను. ఈ మూడవ ఆదేశము నేటివఱకు గ్రంథస్థమై యున్నదేకాని, ఆచరణమున దాదాపు మృతప్రాయము. ఏలయన 1988 మొదలు చాలవఱకు ప్రతి సంవత్సరపు వ్యయానుమతి చట్టమును ఆరోగ్యవంతమైన గుఱ్ఱమును చంపుటకు ప్రభుత్వధనమును వాడరాదని కట్టడి చేయుచునే వచ్చినది. తొలగింపుమని ఒక చట్టము, చంపవద్దని మఱియొక చట్టము శాసింపగా, ఆ రెంటినడుమ చిక్కిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అను ప్రభుత్వశాఖకు దత్తత యొక్కటియే ద్వారముగా మిగిలినది. ఈ దత్తతపథకము ప్రారంభమునుండియు దోషభూయిష్ఠమైనదని కొందఱు, నిధులు చాలకయే విఫలమైనదని మఱికొందఱు వాదించుచున్నారు. నా అభిప్రాయము వేఱు. అల్పసంఖ్యాకములైన మందలకు సరిపోవు ఉపాయమును, ఆ సంఖ్యను ముందుగా సాధింపకయే, మూడింతల మందలపై ప్రయోగించుటయే దీని వైఫల్యమునకు హేతువు.

ఈ మాటను సమర్థించుటకు గుఱ్ఱపు సంతానవృద్ధిని కొంత విచారింపవలసియున్నది. అశ్వజాతి ఉత్తర అమెరికాలోనే పరిణమించి, సుమారు పదివేల యేండ్లక్రిందట అచ్చట అంతరించి, స్పెయిన్‌వారి ఓడలలో 16వ శతాబ్దమున ఆ ఖండభాగమునకు తిరిగివచ్చినది. ఇది స్వదేశీయ జంతువా, పరదేశమునుండి వచ్చిన పశువా యను వివాదము దీనినుండియే పుట్టి, యింకను చల్లారలేదు. ఏదియైనను, దానిని వేటాడు తోడేళ్లు ఈ మెట్టభూములలో నశించినవి. కొండసింహములు కొన్ని మందలను మాత్రమే తాకగలవు. 2013లో జాతీయ పరిశోధనమండలి ప్రకటించిన నివేదిక ప్రకారము, ఈ మందలు ఏటేట నూటికి 15 మొదలు 20 వంతున పెరుగును; అనగా నాలుగేండ్లకు ఇంచుమించు ఇమ్మడియగును. అంతకంటె గమనింపదగిన విషయమును ఆ నివేదికయే బయటపెట్టినది: గుఱ్ఱములను పట్టి తొలగించుటవలన మిగిలినవానికి మేత సమృద్ధిగా దొరకి, అవి త్వరగా కట్టి, తఱచుగా ఈని, పిల్లలను ఎక్కువగా దక్కించుకొనును. తొలగింపే వృద్ధికి దోహదమగుట ఈ విషయమునందలి ప్రథమ వైపరీత్యము.

బ్యూరోవారు తమ నిర్వహణలోని క్షేత్రములకు తగిన సంఖ్యగా నిర్ణయించినది, గాడిదలను కలుపుకొని, సుమారు 26,000 మాత్రము. 2020లో లెక్క 95,000 దాటినది. ఇటీవల 73,000 ప్రాంతమునకు దిగినది. 73,000పై నూటికి 15 వంతున లెక్కించినను ఏటికి ఇంచుమించు పదునొకండువేలగును; 20 వంతున లెక్కించినచో పదునాలుగువేల ఆఱువందలగును. దత్తతలును విక్రయములును కలిసి ఇటీవలి మిక్కిలి అనుకూలమైన సంవత్సరములలో ఎనిమిదివేలను కొంచెము దాటగలిగినవి. కావున ఎంత శ్రమించినను లోటు తీరదు. ఇదే లెక్కను 26,000పై వేసిచూచినచో ఏటి పెరుగుదల మూడువేల తొమ్మిదివందలకును ఐదువేల రెండువందలకును నడుమ నుండును. దానిని దత్తతలు చాలవఱకు ఇముడ్చుకొనగలవు. పథకము ఒకటే, గృహస్థులు వారే, గుఱ్ఱములు అవే. ఎక్కడినుండి మొదలిడితిమన్నదే భేదము.

ఈ అవకాశము ఒకమారు చేతికందునంత దగ్గఱకు వచ్చినది. 2007 నాటికి పశ్చిమభూములలోని సంఖ్య 28,500 ప్రాంతమునకు దిగెను. కాని ఆ దిగుదలకై పట్టిన గుఱ్ఱములు గృహములకు చేరక, ప్రభుత్వపు బందెలదొడ్లలోను, అద్దెకు తీసికొన్న పచ్చికబయళ్లలోను పేరుకొనియుండెను. వాని పోషణవ్యయము 2000లో సుమారు 70 లక్షల డాలర్లు కాగా, 2007 నాటికి 2 కోట్ల 10 లక్షలకు పెరిగెను. ఆ యేటనే దేశములో మిగిలియుండిన మూడు అశ్వవధశాలలు మూతబడుటచే, వదిలించుకొనదలచిన పెంపుడుగుఱ్ఱములు సంతలలో చౌకగా దొరకసాగెను, మఱుసటి యేడు ఆర్థికమాంద్యము దాపురించెను, గడ్డిధరలు హెచ్చెను. పదునేను, ఇరువది యేండ్లు పోషింపవలసిన మచ్చికలేని జంతువును ఇట్టి సమయమున ఇంటికి తెచ్చుకొనువారెవరు? దత్తతలు పడిపోయెను, దొడ్లు నిండెను, దొడ్లలో చోటు లేక పట్టుట తగ్గెను, పట్టుట తగ్గగనే మందలు పెరిగెను. గమ్యమునకు రెండువేల ఐదువందల దూరమున ఆగిన ప్రయత్నమునకు పదుమూడేండ్లలో మూడింతలకు మించిన మందలు ఫలితముగా దక్కినవి.

దత్తత వెలయొక్క చరిత్ర వేఱుగా వ్రాయదగినంత విచిత్రమైనది. మోంటానా వయోమింగ్ సరిహద్దునందలి ప్రయర్ కొండలలో 1973లో తొలి దత్తతలు జరిగి, 1976లో పథకము దేశమంతటికి విస్తరింపబడినది. 1982లో, పథకపు ఖర్చు కొంతయైన రాబట్టుకొనవలెనను తలంపుతో రుసుమును 25 డాలర్లనుండి 200 డాలర్లకు పెంచిరి, గిరాకి కుప్పకూలినది, మఱుసటి యేడే 125కు దించిరి. పిదప పూర్తిగా వ్యతిరేకదిశకు మరలి, 1984 మొదలు 1988 వఱకు రుసుమే లేకుండ గుంపులుగుంపులుగా దత్తత నిచ్చిరి. అట్లు కొద్దిమంది చేతులలో పడిన దాదాపు 20,000 గుఱ్ఱములలో వేలకొలది వధశాలలకు చేరినట్లు ప్రభుత్వ లెక్కల తనిఖీశాఖవారే 1990లో తేల్చిరి. వెల పెంచినచో గ్రాహకులు లేరు. వెల లేనిచో కసాయి గ్రాహకుడగును. ఈ రెండు ప్రయోగములు జరిగి ముప్పది యేండ్లు గడచిన తరువాత, 2019లో, బ్యూరోవారు వెలను శూన్యమునకంటె క్రిందికి దింపిరి: గుఱ్ఱమును తీసికొనువానికే వేయి డాలర్లు ఇచ్చు ప్రోత్సాహక పథకమును ప్రవేశపెట్టిరి. అరువది దినములలో సగము, ఏడాది గడచి యాజమాన్యపత్రము చేతికి వచ్చినపుడు సగము.

దత్తతలు పెరిగిన మాట వాస్తవము. కాని యాజమాన్యపత్రము దక్కిన మఱునాటినుండి గుఱ్ఱము పూర్తిగా స్వంతసొత్తు. చట్టపు రక్షణ దానికి లేదు. ఒక్కొక్కరు ఏటికి నాలుగింటిని తీసికొనవచ్చును గనుక, ఒకే కుటుంబములోని పలువురు తలకు నాలుగేసి తీసికొని, ఏడాదిపాటు మేపి, రెండవ వాయిదా అందగానే మాంసపు బేరగాండ్రు వచ్చు వేలపుసంతలకు తోలినట్లు 2021లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించెను. 2022లో వాయిదాలను తొలగించి, యాజమాన్యపత్రము పిదపనే ధనమిచ్చునట్లు మార్చిరి. మూలదోషము మాత్రము మాఱలేదు. పథకమును ప్రవేశపెట్టిన పద్ధతి విధివిరుద్ధమని కొలరాడోలోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానము 2025లో దానిని రద్దుచేసెను. బ్యూరోవారి దురుద్దేశమును ఇందు నేను చూడలేదు. దొడ్డిలో జీవితాంతము పోషించుటకు ఒక్కొక్క గుఱ్ఱమునకు 50,000 డాలర్లకు చేరువగా వ్యయమగునని వారి లెక్క. దానితో పోల్చినచో వేయి డాలర్లు స్వల్పముగా తోచుట సహజము. ఐనను, ప్రభుత్వమునకు చేకూరు ఆదా ఎంతో లెక్కించినంత శ్రద్ధగా, దత్తత గొను పేదరైతు లెక్క ఎట్లుండునో లెక్కించియుండవలసినది.

గృహస్థుని ఖర్చులను గూర్చి ఈ సందర్భమున ఒకమాట చెప్పవలెను. కనీస రుసుము 125 డాలర్లే ఐనను, మచ్చికకాని పెద్ద గుఱ్ఱమునకు 400 చదరపు అడుగుల ఆవరణము, ఆఱడుగుల ఎత్తుగల గట్టి కంచె ఉండితీరవలెనని నిబంధన. ఆపై ఎండుగడ్డి, గిట్టలు చెక్కించుట, పశువైద్యుడు, మచ్చిక చేయువాని కూలి. రుసుము ఈ ఖర్చులలో మిక్కిలి చిన్నది. కనుకనే యౌవనమునందున్నవి, రంగు సొంపుగలవి, లేక కారాగారములలో ఖైదీలచే శిక్షణ పొందినవి మాత్రమే సులభముగా పోవును. నాలుగైదేండ్లు దాటినవానిని అడుగువారు అరుదు. పట్టునపుడు మాత్రము, మందలను తఱుముటకు నేడు బ్యూరోవారే వాడు హెలికాప్టరు వయోభేదమును పాటింపదు. అందుచేత ఓక్లహోమా, కాన్సాస్ ప్రాంతముల అద్దెబయళ్లలో వయసుమళ్లిన గుఱ్ఱములు రోజుకు సుమారు రెండు డాలర్ల చొప్పునను, దొడ్లలో ఐదు డాలర్లకు మించియు పద్దు పెంచుచు బ్రతుకుచున్నవి. 2023 ఆర్థికసంవత్సరమున పథకపు మొత్తము వ్యయము 15 కోట్ల 78 లక్షల డాలర్లుండగా, అందు 10 కోట్ల 85 లక్షలు ఈ పోషణకే చెల్లినవి. నూటికి అరువదితొమ్మిది వంతులు భక్షించు ఖర్చు ఒక్క గుఱ్ఱపుపిల్ల పుట్టుకనైనను ఆపదు. ఆపుటకు వలయు ధనమును మాత్రము తినివేయును.

పుట్టుకను ఆపు ఉపాయము లేక కాదు. పందుల అండకోశములనుండి తీసిన పొరతో చేసిన టీకాను, సంక్షిప్తముగా పీజెడ్‌పీ అందురు, ఆడుగుఱ్ఱమునకు సూదిబాణముతో వేసినచో, అది శుక్రకణము అండమును చొరకుండ అడ్డుకొనును. అట్లాంటిక్ తీరమునందలి అసాటీగ్ దీవిలో, మేరీలాండ్ వైపు మందపై, జే కర్క్‌పాట్రిక్ బృందము 1988లో దీనిని పరీక్షించి చూపగా, 1994 మొదలు జాతీయోద్యానశాఖ దానినే నిర్వహణోపాయముగా గైకొన్నది. ఒకప్పుడు 175కు చేరిన మంద ఒక్క హెలికాప్టరు లేకుండ వందకు దిగినది. ఐతే దిగుటకు పదేండ్లకు పైగా పట్టినది. ఈనుట తప్పిన ఆడుగుఱ్ఱములు దేహదార్ఢ్యము పొంది దీర్ఘాయువులగుటయే ఈ ఆలస్యమునకు కారణము. అదే దీవిలో, వర్జీనియా వైపు, చింకొటీగ్ గ్రామపు స్వచ్ఛంద అగ్నిమాపకదళము 1925 మొదలు జూలైమాసమున పోనీపిల్లలను వేలము వేయుచు, మందను 150కి మించనీయక, ఆ సొమ్ముతో తన ఖర్చు గడుపుకొనుచున్నది. మార్గరీట్ హెన్రీ 1947లో ఆ పోనీలపై వ్రాసిన బాలలనవల అచ్చటి పిల్లలకు సువిదితమగుటచే వేలమునకు పేరును గిరాకియు తరుగలేదు. దత్తత లాభసాటి యగుట ఇట్టి చోటనే: చిన్నమంద, స్థిరమైన హద్దు, పాలుమఱచిన పిల్లలు, ప్రసిద్ధమైన పేరు.

నెవాడాలో ఈ నాలుగింటిలో ఏదియు లేదు. టీకామోతాదు ఖరీదు సుమారు ముప్పది డాలర్లే ఐనను, లక్షల ఎకరములలో మనుష్యుని అలికిడికే పరుగెత్తు జంతువును గుర్తించి, ఏటేట దానినే వెదకి బాణము వేయుట దుస్సాధ్యము. కొలరాడోలోని లిటిల్ బుక్ క్లిఫ్స్, వయోమింగ్‌లోని మెకల్లో పీక్స్ వంటి చోట్ల స్వచ్ఛందసేవకులు ప్రతి గుఱ్ఱమును పేరుతో ఎఱిగియుండుటచే ఈ పని సాగినది. పెద్దమందలను ఒకమారు పట్టి, కొన్నేండ్లు పనిచేయు గోనాకాన్ వంటి టీకానిచ్చి, తిరిగి విడుచుటయే అచ్చట శరణ్యము. దానికి తగిన ధనము దొడ్లలోని మేతగా మాఱిపోవుచున్నది.

ఆస్ట్రేలియావారు మఱియొక దారి పట్టిరి. అచ్చట 2000 సంవత్సరమున గై ఫాక్స్ నదీ ఉద్యానమున హెలికాప్టర్లనుండి 606 గుఱ్ఱములను కాల్చగా చెలరేగిన నిరసనకు ఆ రాష్ట్రమున ఆ పద్ధతి రెండు దశాబ్దములకు పైగా నిలిచిపోయెను. కోసియస్కో పర్వతోద్యానమున మందలు పదునెనిమిది వేలు దాటెనని 2022లో అంచనాకు రాగా, 2023లో తిరిగి తుపాకియే దిక్కయ్యెను. ఈ ఉదాహరణమును అమెరికాలో ఉభయపక్షములవారును తమకు అనుకూలముగా చెప్పుకొనుచుందురు. జాప్యము జంతువునకు మేలుచేయలేదని మాత్రము దానినుండి నిస్సందేహముగా తెలియుచున్నది.

ఇన్ని లెక్కలకు ఆధారమైన 26,000 అను సంఖ్య యెట్లు పుట్టినదన్నది మిగిలియున్న ప్రశ్న. ఆ సంఖ్యలను నిర్ణయించిన పద్ధతి స్పష్టముగాను, శాస్త్రీయముగా సమర్థింపదగినదిగాను లేదని 2013 నివేదికయే ఆక్షేపించినది. బ్యూరో భూములలో గుఱ్ఱములకు కేటాయించినవి రెండున్నర కోట్లకు పైగా ఎకరములు. ఆవులును గొఱ్ఱెలును మేయుటకు అనుమతించినవి 15 కోట్ల 50 లక్షల ఎకరములు. ఆవు, దూడ కలిసి ఒక నెల మేసినందుకు పశుపాలకుడు చెల్లించిన రుసుము 2019 మొదలు 2025 వఱకు ఒక డాలరు ముప్పదియైదు సెంట్లు. గుఱ్ఱము వసంతమున మొలకెత్తు గడ్డితో సహా ఏడాదిపొడుగునను మేయును; ఆవులను ఋతువునుబట్టి తోలుకొనిపోవచ్చును; కావున రెంటిని తలకు తల సరిచూచుట న్యాయము గాదని పచ్చికశాస్త్రజ్ఞులు చెప్పునది నిజమే. ఐనను ఒకే భూమిపై పశువుకు ఎంత మేత, గుఱ్ఱమునకు ఎంత మేత అన్న పంపకము రాజకీయనిర్ణయమే యైనపుడు, దానిని శాస్త్రనిర్ణయమని చెప్పి గుఱ్ఱములను పట్టుటకును, పట్టినవానికై పన్నుదారులనుండి కోట్లు రాబట్టుటకును పూర్వము, ఆ పంపకమును క్షేత్రము క్షేత్రమునకు తిరిగి లెక్కకట్టి బహిరంగపఱచు బాధ్యత బ్యూరోపై నున్నది.