ఫ్యాక్టరీ రీసెట్ తరువాత ఇంటి రౌటర్‌ను పునరుద్ధరించుకొనే క్రమం

ఇంటి గోడకు తగిలించిన రౌటర్ వెనుక, సూదిమొన పట్టేటంత రంధ్రంలో ఒక చిన్న మీట ఉంటుంది. దానిని పది పదిహేను సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే, అంతవరకు ఆ యంత్రంలో భద్రపరచిన అమరికలన్నీ చెరిగిపోతాయి. కర్మాగారం నుంచి వెలువడిన నాటి స్థితికి అది తిరిగి చేరుతుంది. దీనినే ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. వైఫై మందగించినపుడో, పాస్‌వర్డు మరచిపోయినపుడో, కరెంటు పోయి వచ్చిన తరువాత నెట్ అందనపుడో చాలామంది ఈ మీటను ఆశ్రయిస్తారు. దీనివలన రెండు నష్టాలు కలుగుతాయి. నెట్ నిలిచిపోయిన సంగతి వెంటనే తెలుస్తుంది. ఇంటి నెట్‌వర్క్‌కు వేసిన తాళం కూడా ఊడిపోయిన సంగతి మాత్రం తెలియదు. ఈ రెండింటినీ సరిదిద్దుకొనే విధానం ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఏంబలం నేర్పే పాఠం

పుదుచ్చేరికి నైరుతి దిక్కున ఉన్న ఏంబలం గ్రామం, పల్లెలకు కంప్యూటర్ చేరిన చరిత్రలో గుర్తింపు పొందిన ఊరు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం తోడ్పాటుతో 1998లో ఈ ప్రాంతంలో గ్రామ సమాచార కేంద్రాల పథకాన్ని ప్రారంభించింది. విల్లియనూరు దానికి ప్రధాన స్థానం. ఏంబలంలో ఆ కేంద్రం గుడి ఆవరణలో వెలసింది. సౌరవిద్యుత్తుతో కంప్యూటర్లు నడిచాయి. ధాన్యం ధరలు, ఆరోగ్య విషయాలు, ప్రభుత్వ పథకాల వివరాలను స్థానిక కార్యకర్తలు తమిళంలో గ్రామస్థులకు అందించారు.

నాడు ఊరందరి అవసరాలకు ఒక కేంద్రం ఉండేది, దానిని కనిపెట్టుకొని ఉండే మనుషులూ ఉండేవారు. నేడు నెట్ ఇంటింటికీ వచ్చింది. దాని అమరికల బాధ్యత మాత్రం ఇంట్లో ఎవరిదీ కాకుండా పోయింది. ఏంబలంలోనైనా, అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాంలోనైనా, తెలుగు రాష్ట్రాల పల్లెలలోనైనా పరిస్థితి ఇదే. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినపుడు, ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించిన వర్షం కురిసింది. అటువంటి రోజులలో నెట్ ఆగడం సహజం. ఆ తొందరలో రౌటర్‌ను రీసెట్ చేస్తే, లైను బాగుపడిన తరువాత కూడా ఇంటికి నెట్ రాకపోవచ్చు.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు

స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, తిరిగి వేయడం రీస్టార్ట్. దీనివలన ఏ అమరికా చెరగదు. చాలా ఇబ్బందులు దీనితోనే తొలగుతాయి. రీసెట్ చివరి ఉపాయం కావాలి.

మీట నొక్కే ముందు పెట్టె మీది దీపాలను పరిశీలించాలి. ఫైబర్ పెట్టెలో ‘లాస్’ అనే దీపం ఎర్రగా వెలుగుతున్నదంటే కాంతి సంకేతం అందడం లేదని అర్థం. తీగ తెగి ఉండవచ్చు, లేదా దాని కొన ఊడి ఉండవచ్చు. అందుకు రీసెట్ మందు కాదు; లైన్‌మన్ రావలసిందే. ‘పాన్’ దీపం నిలకడగా వెలుగుతూ, ఇంటర్నెట్ దీపం మాత్రం వెలగకపోతే, తీగ బాగానే ఉందని, లోపం అమరికలలోగాని ఖాతాలోగాని ఉందని గ్రహించవచ్చు. నెలవారీ రుసుము గడువు ముగిసిందేమో కూడా ముందే చూసుకోవాలి.

ఏవి చెరుగుతాయి?

వైఫై పేరు, దాని పాస్‌వర్డు, రౌటర్ లోపలి పుటలోకి ప్రవేశించే అడ్మిన్ పాస్‌వర్డు చెరుగుతాయి. నెట్ సంస్థ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డు, వీలాన్ సంఖ్య కూడా పోతాయి. సీసీ కెమెరాల కోసం, ప్రింటర్ కోసం చేసుకున్న ప్రత్యేక ఏర్పాట్లు మిగలవు. ఫైబర్ పెట్టెకే ల్యాండ్‌లైన్ ఫోను తగిలించి ఉంటే, ఆ ఫోను అమరికలు కూడా పోయి అది మూగబోవచ్చు. వాటిని సాధారణంగా సంస్థ సిబ్బందే తిరిగి నింపాలి. యంత్రాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ మాత్రం సాధారణంగా చెరగదు.

కొన్ని ఇళ్లలో రెండు పెట్టెలు ఉంటాయి: ఒకటి సంస్థ ఇచ్చిన ఫైబర్ పెట్టె, మరొకటి వినియోగదారు కొనుక్కున్న రౌటర్. అవసరమైతే రెండవదానినే రీసెట్ చేయాలి, మొదటిదానిని ముట్టుకోకపోవడం మేలు.

పునరుద్ధరణ క్రమం

మొదటి మెట్టు: రీసెట్ అయిన తరువాత రెండు మూడు నిమిషాలు ఆగాలి. దీపాలు నిలకడ పొందేవరకు స్విచ్ ఆపరాదు.

రెండవ మెట్టు: పెట్టె అడుగున అంటించిన చీటీని చూడాలి. తొలి వైఫై పేరు, పాస్‌వర్డు, లోపలి పుట చిరునామా దాని మీద ఉంటాయి. ఆ వైఫైకి ఫోను కలపాలి. ల్యాప్‌టాప్ ఉంటే లాన్ తీగతో కలపడం ఇంకా మంచిది. ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని ఫోను హెచ్చరించి మొబైల్ డేటాకు మళ్లుతుంది. కనుక కొద్దిసేపు మొబైల్ డేటాను ఆపి ఉంచాలి.

మూడవ మెట్టు: బ్రౌజర్ తెరిచి, పైన ఉండే చిరునామా పట్టీలో చీటీ మీది అంకెలు టైపు చేయాలి. ఎక్కువగా అవి 192.168.1.1 లేదా 192.168.0.1. ఇవి ఇళ్ల లోపలి నెట్‌వర్క్‌లకు కేటాయించిన చిరునామాలు. బయటి ప్రపంచానికి చేరవు. ‘ఈ పుట సురక్షితం కాదు’ అని హెచ్చరిక కనిపించవచ్చు. టైపు చేసిన చిరునామా, చీటీ మీది చిరునామా ఒకటే అయితే ముందుకు సాగవచ్చు.

నాలుగవ మెట్టు: తొలి అడ్మిన్ పాస్‌వర్డుతో ప్రవేశించి, వెంటనే దానిని మార్చాలి. దీనిని చివరకు వదిలివేసేవారు తరచు మరచిపోతారు.

ఐదవ మెట్టు: వాన్ లేదా ఇంటర్నెట్ అనే విభాగంలో సంధాన పద్ధతిని ఎంచుకోవాలి. అనేక బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు పీపీపీఓఈ పద్ధతిని వాడతాయి. అందులో సంస్థ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డు నింపాలి. వీలాన్ సంఖ్య అడిగితే సంస్థ చెప్పినదే ఇవ్వాలి. అది సంస్థకొకటిగా ఉంటుంది. ఎంటీయూ అనే చోట 1492 అని కనిపిస్తే మార్చనవసరం లేదు. 1500 బైట్ల మూటలో పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది. డీహెచ్‌సీపీ పద్ధతి వాడే చోట పాస్‌వర్డుతో పని లేదు. కొన్ని సంస్థలు రీసెట్ అయిన పెట్టెను దూరం నుంచే గుర్తించి అమరికలు పంపుతాయి. అటువంటి చోట కొంతసేపు వేచి చూడాలి.

అన్నీ సరిగా నింపినా లోపలికి అనుమతించకపోతే, పాత సెషన్ సంస్థ సర్వర్‌లో ఇంకా ముగియలేదేమోనని ఐదారు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ ఫలితం లేకపోతే సంస్థను సంప్రదించి పాస్‌వర్డు మార్పించుకోవాలి.

ఆరవ మెట్టు: వైఫై పేరు, పాస్‌వర్డు పెట్టాలి. పాత పేరు, పాత పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా పెడితే, ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరాలు సాధారణంగా తమంతట తామే తిరిగి కలుస్తాయి. పాత పాస్‌వర్డు ఊరంతా తెలిసినదైతే మాత్రం కొత్తది పెట్టడమే క్షేమం. భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ3 గాని, అది లేకపోతే డబ్ల్యూపీఏ2 గాని ఎంచుకోవాలి. పాస్‌వర్డు కనీసం 8 అక్షరాలు ఉండాలన్నది నియమం. 12కు మించితే మంచిది. డబ్ల్యూపీఎస్‌ను, బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపివేయాలి. అయితే రిమోట్ సదుపాయాన్ని సంస్థే తన సేవ కోసం అమర్చి ఉంటే, అడిగి తెలుసుకున్న తరువాతే మార్చాలి.

ఏడవ మెట్టు: ఫర్మ్‌వేర్‌కు కొత్త కూర్పు ఉన్నదేమో చూడాలి. తరువాత బ్యాకప్ అనే చోట అమరికల ఫైలును కంప్యూటర్‌లో దాచుకోవాలి. మళ్లీ రీసెట్ అవసరమైతే ఆ ఫైలు కొద్ది నిమిషాలలో పని ముగిస్తుంది. అదే మోడల్ రౌటర్‌లో తప్ప వేరే దానిలో అది పనిచేయకపోవచ్చు.

నెట్ వచ్చింది కదా అని ఆగరాదు

రీసెట్ అయిన రౌటర్‌లో ‘అడ్మిన్’ వంటి తొలి పాస్‌వర్డులు తిరిగి వస్తాయి. అనేక మోడళ్లలో అవి లోకమంతటికీ తెలిసినవే. 2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్ ఇటువంటి పాస్‌వర్డుల చిట్టాతోనే ప్రపంచమంతటా కెమెరాలను, రౌటర్లను వశపరచుకొంది. 2017 జూలైలో మన దేశంలోనూ తొలి పాస్‌వర్డు మార్చని వేలాది బ్రాడ్‌బ్యాండ్ మోడెములు దాడికి గురై పనిచేయకుండా పోయాయి. పాస్‌వర్డులు మార్చుకోవాలని బీఎస్ఎన్ఎల్ అప్పుడు వినియోగదారులకు సూచించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించింది. హానికర సాఫ్ట్‌వేర్‌ను తొలగించే సాధనాలను అది ఉచితంగా అందిస్తుంది.

మరొక జాగ్రత్త. నెట్ పోయిన ఆత్రంలో కస్టమర్ కేర్ నంబరు కోసం వెదికి, కనిపించిన మొదటి నంబరుకు ఫోను చేయరాదు. బిల్లు మీదనో, సంస్థ అధికారిక యాప్‌లోనో ఉన్న నంబరునే నమ్మాలి. రౌటర్ బాగుచేయడానికి ఓటీపీ గాని, బ్యాంకు వివరాలు గాని, ఫోను తెరను చూపించే యాప్ గాని అక్కరలేదు. ఎవరైనా అడిగితే అది మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేర సహాయ సంఖ్య 1930కు తెలపాలి.

ఒక కాగితం చాలు

నెట్ ఉన్న రోజునే ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి, కరెంటు బిల్లులు, గ్యాసు పుస్తకం ఉంచే చోట దాచుకోవాలి:

• సంస్థ పేరు, ఖాతా సంఖ్య, ఫిర్యాదు నంబరు
• సంధాన పద్ధతి, యూజర్‌నేమ్, పాస్‌వర్డు, వీలాన్ సంఖ్య
• రౌటర్ మోడల్, లోపలి పుట చిరునామా, అడ్మిన్ పాస్‌వర్డు
• వైఫై పేరు, పాస్‌వర్డు
• కెమెరా, ప్రింటర్ వంటి వాటికి చేసిన ప్రత్యేక అమరికలు

ఈ వివరాలను ఫోనులో మాత్రమే దాచుకోవడం చాలదు. ఫోను పోయినా, ఛార్జింగ్ అయిపోయినా అవి అందవు. రౌటర్ మీదనే అంటించడమూ తగదు. ఇంటికి వచ్చినవారందరి కంటా పడుతుంది. కనెక్షన్ ఇచ్చిన మనిషి ఊరు మారవచ్చు, అమరికలు చేసిన కొడుకో కూతురో చదువుకో ఉద్యోగానికో దూరం వెళ్లవచ్చు. వారు లేని రోజున ఇంట్లోని పెద్దలు ఎవరినీ వేడుకోకుండా నెట్‌ను తిరిగి తెచ్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం. ఒకనాడు ఏంబలం గుడి ఆవరణలో కార్యకర్తలు ఊరి కోసం చేసిన సంరక్షణను, ఇప్పుడు ప్రతి ఇల్లూ తన కోసం తాను చేసుకోవాలి.