బల్బు, టైంటేబులు, నల్లా వాషరు

తెనాలిలో మా పెదనాన్నకి రేడియో రిపేరు షాపు ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి రేడియోల రోజులు అయిపోవచ్చాయి. బల్ల మీద టేప్ రికార్డర్లు, కింద టీవీలు. అయినా ఆయన జేబులో లావుపాటి ఇంకు పెన్ను ఒకటి ఎప్పుడూ ఉండేది. దాంతో ఆయన రాయగా నేను చూడలేదు.

అది పెన్ను కాదు. లోపల రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, ఒక సన్న సెల్లు. పాళీ ఉండాల్సిన చోట మొనదేలిన రాగి తీగ. తోకలా వేలాడే వైరు చివర క్లిప్పు. అవన్నీ పాడైన సెట్లలోంచి పీకినవే. ఆ సర్క్యూట్ పేరు మల్టీవైబ్రేటర్. సెకనుకి సుమారు వెయ్యిసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. మోగని రేడియో వస్తే క్లిప్పుని ఛాసిస్‌కి తగిలించి, ఆ మొనని ముందు స్పీకర్ దగ్గర ఆనిస్తాడు. కుయ్‌మంటే స్పీకర్ బాగున్నట్టు. అక్కణ్ణించి ఒక్కో దశా వెనక్కి జరుగుతాడు. ఎక్కడ కూత ఆగిపోతుందో అక్కడే జబ్బు.

నేను ఇసిఇ రెండో ఏడులో ఉండగా, సెలవుల్లో ఆ పెన్ను చూసి నవ్వాను. "దీంట్లోంచి వచ్చేది సైన్ వేవ్ కాదు పెదనాన్నా, అంతా డిస్టార్షనే" అన్నాను. ఆయన తలెత్తకుండానే "సైన్ వేవ్ నాకెందుకురా? అన్ని చోట్లా మోగాలి నాకు" అన్నాడు. అప్పటికి నేను సిగ్నల్ జనరేటర్ని చూసింది మా కాలేజీ ల్యాబ్ అద్దాల బీరువాలో. దాని తాళం ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గర ఉండేది, ఆ మనిషి ఎప్పుడూ లీవులో ఉండేవాడు.

పరికరాలు లేనివాళ్ళు పరికరాలు ఎలా చేసుకున్నారు? ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. దీంట్లో ఒక చిక్కుంది. కొలిచేదాన్ని తయారు చేయాలంటే అది సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి ఇంకో కొలిచేది కావాలి. పెదనాన్న దగ్గర ఫ్రీక్వెన్సీ మీటరు లేదు. డయల్ సరిచేయాల్సి వస్తే విజయవాడ స్టేషన్ పెట్టుకునేవాడు. ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీదే ప్రసారం చేస్తుంది కదా, ముల్లు అక్కడికి రాకపోతే తప్పు సెట్టుదే. ప్రభుత్వం లక్షలు పోసి నిలబెట్టిన ట్రాన్స్‌మిటర్ ఆయనకి పైసా ఖర్చు లేని కొలబద్ద అయింది.

ఈ కథలో అందరూ చెప్పే పేరు విలియం హ్యూలెట్. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతుండగా ఆయన ఆడియో ఆసిలేటర్ ఒకటి చేశాడు. ఆసిలేటర్‌తో ఉన్న గొడవేంటంటే, లోపలి పెంపు కాస్త తగ్గితే కదలిక ఆగిపోతుంది, కాస్త ఎక్కువైతే తరంగం నెత్తి తెగి పాడవుతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి గీత మీద నిలబెట్టాలి. హ్యూలెట్ సర్క్యూట్లో ఒక చిన్న విద్యుత్ బల్బు పెట్టాడు. సిగ్నల్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కుతుంది. వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే పెంపు తగ్గుతుంది. తగ్గితే ఫిలమెంట్ చల్లబడి మళ్ళీ మొదటికి. అంతే, బల్బు తనంతట తనే తూకం పట్టుకుంటుంది. 1939లో పాలో ఆల్టోలో ఒక గరాజ్‌లో మొదలైన హ్యూలెట్-పాకర్డ్ కంపెనీ తొలి సరుకు అదే. మోడల్ 200ఏ, ధర 54 డాలర్ల 40 సెంట్లు. దాని తర్వాతి రూపం 200బీని 'ఫాంటాసియా' సినిమా శబ్దం పనికోసం డిస్నీ స్టూడియో ఎనిమిది కొనుక్కుంది.

కథ ఇక్కడితో ఆపేస్తే 'గరాజ్ మేధావి' మిగులుతాడు. ఆపకూడదు. 1938లోనే బెల్ ల్యాబ్స్‌కి చెందిన లార్నెడ్ మీచమ్ తన ఆసిలేటర్‌లో ఇలాగే బల్బు వాడాడు. హ్యూలెట్ వెనక ఫ్రెడరిక్ టెర్మన్ లాంటి గురువు, ఒక యూనివర్సిటీ ఉన్నాయి. బల్బు చవకదే, దాని ప్రవర్తన ముందుగా లెక్కగట్టగలిగిన చదువు మాత్రం చవకది కాదు.

అంతకు నలభై ఏళ్ళ ముందు కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఉన్నాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో పరిశోధనకి సరైన ల్యాబ్ లేదు. భారతీయుడైనందుకు యూరోపియన్లకంటే తక్కువ జీతం ఇస్తామంటే, మూడేళ్ళు జీతం ముట్టకుండా పాఠం చెప్పిన మనిషి. 1890లలో ఆయన మిల్లీమీటర్ల పొడవున్న రేడియో తరంగాలు పుట్టించి, వాటిని పరీక్షించే సామగ్రి కూడా తనే చేయించుకున్నాడు. ఆ తరంగాల ధ్రువణాన్ని చూడటానికి ఒక బ్రాడ్‌షా రైల్వే టైంటేబులు తీసుకుని, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టాడు. రేకులకి సమాంతరంగా ఊగే తరంగం ఆగిపోతుంది, అడ్డంగా ఊగేది దాటిపోతుంది. మెలితిప్పిన జనపనార కట్టలతో ధ్రువణ తలం తిరగడం చూపించాడు. టైంటేబులు, జనపనార! వలస పాలన నడిచిన రెండు సరుకులూ ఆయన బల్ల మీద పరికరాలైపోయాయి.

యుద్ధం ఇంకో రకం పాత సామాను కుప్ప పోసింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో సైన్యానికి మిగిలిన ఎలక్ట్రానిక్ విడిభాగాలు కారుచౌకగా వచ్చాయి. హీత్ కంపెనీ యజమాని హోవర్డ్ ఆంథోనీ వాటిని పెద్దమొత్తంలో కొని, 1947లో 39 డాలర్ల 50 సెంట్లకి ఆసిలోస్కోప్ కిట్ అమ్మాడు. మీరే సోల్డర్ చేసుకోండి అన్నాడు. రాడార్ తెరలకి తయారైన గొట్టం జాతి వస్తువు ఇళ్ళల్లోకి, చిన్న రిపేరు షాపుల్లోకి వచ్చింది.

ఇక మన ఊరి కథ. బంజారాహిల్స్‌లో లామకాన్‌కి వెళ్ళని పుస్తకాల మనిషి హైదరాబాద్‌లో తక్కువ. 2010లో దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో అష్హర్ ఫర్హాన్ ఒకరు. నేనూ అక్కడ చాయ్ తాగుతూ నాటకాలు చూశాను గానీ, ప్రపంచమంతా హ్యామ్ రేడియోవాళ్ళకి ఆయన ఇంకో పేరుతో, 'విక్టర్ యూనిఫామ్ టూ ఎకో సియెర్రా ఎకో' అనే కాల్‌సైన్‌తో తెలుసని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన 'బిట్ఎక్స్' అనే ట్రాన్సీవర్ డిజైన్ చేశారు, మామూలు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే భాగాలతో. అందులో తీగ చుట్టడానికి వాడింది నల్లాలో వేసే నైలాన్ వాషరు.

ఇది చూసి అందరూ 'జుగాడ్' అంటారు. నాకు ఆ మాట అంటే చిరాకు. అది దరిద్రానికి తొడిగే చమ్కీ చొక్కా. వాషరు ఎందుకో చూడండి. సాధారణంగా వాడే ఫెరైట్ రింగులు మన బజారులో ఏ రకమో రాసి ఉండవు. రకం మారితే కాయిల్ విలువ మారిపోతుంది. నైలాన్‌కి అయస్కాంత గుణమే లేదు కాబట్టి విలువ చుట్ల సంఖ్య మీద, రింగు కొలతల మీద మాత్రమే ఆధారపడుతుంది. ఒకే కొలత వాషరు తీసుకుంటే ఇక్కడ చుట్టినా ఇంకో దేశంలో చుట్టినా దాదాపు ఒకటే. కొలిచే పరికరం లేనివాడు కొలవనక్కర్లేని వస్తువుని ఎంచుకోవడం సర్దుబాటు కాదు, డిజైన్. తర్వాత ఆయన ఆర్డుయినో బోర్డుతో స్వీపెరినో, ఆంట్యుఇనో లాంటి పరీక్షా పరికరాలు చేసి, సర్క్యూట్లు అందరికీ ఇచ్చేశారు. ఫిల్టరు ఏ ఫ్రీక్వెన్సీని ఎంత వదులుతోందో ఇంట్లో బల్ల మీదే చూసుకోవచ్చు.

బల్బు, టైంటేబులు, వాషరు: మూడింట్లోనూ వస్తువు చవకదే, దాని గుణం గురించిన అవగాహన మాత్రం చవక కాదు. అవగాహన లేకపోతే చేతిలో మిగిలేది తుక్కే. అలాగని లేమిని పొగడనూ లేను. బోస్‌కి మంచి ల్యాబ్ ఇచ్చి ఉంటే నష్టమేం లేదు. మా కాలేజీ బీరువా తెరిచి ఉంటే నేను మంచి ఇంజనీరునయ్యేవాణ్ణేమో. తాళం వేసిన పరికరం పిల్లాడికి నేర్పేది ఒకటే, కొలత చెప్పాల్సింది వేరేవాళ్ళని.

పెదనాన్న పోయాక షాపు ఖాళీ చేస్తుంటే ఆ పెన్ను దొరికింది. మొన్న విప్పి చూశాను. ఆసిలేటర్‌లోని రెండు కెపాసిటర్లూ ఒక విలువవి కావు, ఒకటి ఇంకోదానికి రెట్టింపు. సమానంగా ఉంటే స్క్వేర్ వేవ్‌లో బేసి హార్మోనిక్స్ మాత్రమే పుడతాయి. అసమానంగా ఉంటే సరి సంఖ్యలవీ పుడతాయి, తరంగం ఇంకా వికారంగా, ఇంకా దట్టంగా ఉంటుంది. అంటే స్పీకర్ దగ్గర్నుంచి యాంటెనా దాకా అన్ని చోట్లా మోగుతుంది.

తెలిసి వేశాడో, డబ్బాలో దొరికినవి వేశాడో నాకు తెలీదు. "అన్ని చోట్లా మోగాలి నాకు" అన్నప్పుడు అడిగి ఉండాల్సింది. ఆరోజు నేను నవ్వడంలో ఉన్నాను.