షక్కర్ నగర్ కార్ఖానాను ఎన్నిసార్లు కాపాడిండ్రు?

మొన్న మా ఊర్ల చాయ్ హోటల్ కాడ మాట వచ్చింది. "బోధన్ ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తరట, చెరుకు పెడుతవా?" అని. ఒకాయన నవ్విండు, ఇంకొకాయనకు కోపం వచ్చింది. నేను ఏం చెప్పలేక ఇంటికొచ్చిన. రాత్రి కూర్చొని ఇది రాస్తున్న. జర పొడుగుంటది, ఓపికతోని చదవండి.

ముందు నీళ్ల సంగతి. మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిండ్రు. పెద్ద ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ పారినంకనే ఈ దిక్కు చెరుకు వచ్చింది, చెరుకు ఉన్నదనే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. బోధన్ పక్కన షక్కర్ నగర్ అనే ఊరే దానికోసం పుట్టింది. ఆసియాలోనే పెద్దదని పేరు. ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల తోటలు ఉండేవి, అవి కాక మనసొంటి రైతుల చెరుకు. నీళ్లు, తోట, కార్ఖానా, ఈ మూడు ఒకదానికొకటి కట్టేసి ఉన్నయి. ఈ ముచ్చట యాది పెట్టుకోండి, మళ్లీ వస్త దీని దగ్గరికి.

నా చిన్నప్పుడు నాన్న చెరుకు బండి మీద నన్ను కూర్చోబెట్టుకొని తీస్కపోయేటోడు. గేటు ముందల బండ్ల వరుస, రాత్రంతా ఎడ్ల మెడల గంటల చప్పుడు, గాలి నిండా పాకం వాసన. నాకు కార్ఖానా అంటే ఇప్పటికీ ఆ వాసనే.

తర్వాత మంజీర మీద పైన సింగూరు కట్టిండ్రు, పట్నానికి తాగునీళ్ల కోసం. పట్నపోళ్లకు నీళ్లు వద్దని ఎవరంటరు? కానీ నిజాంసాగర్ కు వచ్చే నీళ్లు తగ్గినయి. నీళ్లు తగ్గితే ఏడాది పంట చెరుకును ఎవరు నమ్ముకుంటరు? అటు సర్కారు కంపెనీ నష్టాలల్ల పడ్డది. కొన్ని యూనిట్లు అమ్మిండ్రు.

మిగిలినవాటిని మూతపడకుండా కాపాడుతమని 2002లో చంద్రబాబు నాయుడు సర్కారు ఒక పని చేసింది. బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దిక్కు ముంబోజిపల్లి, ఈ మూడింటిని కలిపి నిజాం దక్కన్ షుగర్స్ అని జాయింట్ కంపెనీ చేసింది. ప్రైవేటుకు 51 శాతం, సర్కారుకు 49. అంటే పెత్తనం వాళ్లది, పేరు మనది. ఇది మొదటి కాపాడుడు.

2004లో సర్కారు మారింది. రాజశేఖర్ రెడ్డి హయాంల శాసనసభ కమిటీ వేసిండ్రు. ఆ అమ్మకం తప్పు, వెనక్కి తీసుకోవాలె అని కమిటీ చెప్పింది. కాగితం కోర్టుల చుట్టూ తిరిగింది, ఫ్యాక్టరీ మాత్రం వెనక్కి రాలే. ఇది రెండోది.

తెలంగాణ వచ్చినంక మనకందరికీ ఆశ పుట్టింది, నాకు కూడా. సర్కారే నడుపుతదని కేసీఆర్ ఎలక్షన్ల మాట ఇచ్చిండు. 2015 ఏప్రిల్‌ల స్వాధీనం చేసుకుంటమని జీవో కూడా వచ్చింది. కానీ అసలు ఆలోచన వేరు. రైతులే సహకార సంఘం పెట్టుకొని నడపాలె, మహారాష్ట్రల నడుపుతలేరా అన్నరు. మన రైతులను అక్కడికి తీస్కపోయి చూపెట్టిండ్రు కూడా. మనోళ్లు ఒప్పుకోలే. పట్నంల కొందరు "రైతులకే ఇస్తమన్నా తీసుకోలే" అని ఇప్పటికీ మన మీద నింద వేస్తరు. ఆ మాటకు జవాబు చెప్పాలె.

మహారాష్ట్రల మొదటి సహకార చక్కెర ఫ్యాక్టరీ ప్రవరానగర్‌ల పెట్టిండ్రు. విఠల్‌రావు విఖే పాటిల్ అనే రైతు, ధనంజయరావు గాడ్గిల్ అనే ఆర్థికవేత్త కలిసి ఊరూరు తిరిగి రైతులతోని షేర్లు కొనిపించిండ్రు. 1950 నాటికి క్రషింగ్ మొదలైంది. వాళ్లు కొత్త మిషన్లతోని, సొంత చెరుకుతోని మొదలుపెట్టిండ్రు. మనకేమో పాత మిషన్లు, మెడల దాకా అప్పులు, తగ్గిపోయిన తోటలు చేతుల పెడుతమన్నరు. పాలు ఇడిసిన బర్రెను దాని బాకీతోని సహా తోలుకపొమ్మంటే ఎవడు తోలుకపోతడు?

2015 డిసెంబర్‌ల గేటుకు తాళం పడ్డది. కార్మికుల జీతాలు ఆగిపోయినయి. కేసు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోయి, ఆఖరికి ఆస్తులు అమ్మి బాకీలు కట్టుమనే దాకా వచ్చింది. 2024ల కొత్త సర్కారు శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసి, బ్యాంకుల బాకీ ఒక్కసారి తెంపుకునే ఒప్పందానికి డబ్బులు ఇచ్చింది. దాన్ని నేను మంచి పనే అంట.

అయితే ఇన్నిసార్లు కాపాడినప్పుడు మాట్లాడింది అంతా ఓనరు ఎవరు, బాకీ ఎంత అనే. చెరుకు ఏడికెళ్లి వస్తదని గట్టిగ అడిగినోళ్లు తక్కువ. బట్టల మిల్లు అయితే పత్తి ఏ రాష్ట్రంకెళ్లయినా తెచ్చుకుంటది. చెరుకు అట్ల కాదు. కొట్టినంక ఒక దినంల గానుగలకు పోవాలె, లేకుంటే బరువు తగ్గుతది, తీపి తగ్గుతది. అందుకే ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊర్లల్లనే తోట ఉండాలె. తాళం పడ్డంక రెండేండ్లు కామారెడ్డి దిక్కు లారీలల్ల పంపినోళ్లు ఉన్నరు. కిరాయి భరించలేక వాళ్లు కూడా వరిల దిగిండ్రు.

ధర చూడండి. 2015-16ల చెరుకుకు కేంద్రం ధర క్వింటాలుకు 230 రూపాయలు, 2024-25ల 340. పైకి పెరిగినట్టే ఉంటది, కానీ అప్పుడు 9.5 శాతం రికవరీకి ఆ ధర, ఇప్పుడు 10.25కి. అదే సాధారణ రకం వడ్లు 1410 నుంచి 2300కు పోయినయి. పైంగ వరి రెండు పంటలు, ఊర్లనే కొనుగోలు కేంద్రం. చెరుకు ఏడాది పంట, కొట్టనీకె మనుషులు దొరకరు.

1966 నాటి చెరుకు కంట్రోల్ ఆర్డర్ ప్రకారం తూకం అయిన 14 దినాలల్ల పైసలు ఇయ్యాలె, దాటితే 15 శాతం వడ్డీ. కొత్తగా నడిపేటోళ్లు ఎవరైనా సరే, ఈ ముచ్చట అగ్రిమెంటుల రాసి ఇయ్యమని మనం ముందుగాలనే అడగాలె. కొట్టే మిషను ఎవరు తెస్తరు, విత్తనం ఎవరు ఇస్తరు, కాలువ నీళ్లు ఏ నెల దాకా ఇస్తరు, ఇవి కూడా.

నాకు కాలువ కింద రెండెకరాలు, బోరు కింద ఎకరంన్నర ఉన్నయి. మా నాన్న ఉంటే మారు మాట లేకుండ పెట్టేటోడు. నేను బోరు కింద అరెకరం విత్తనానికి పెడుతనని రేపు చాయ్ కాడ చెప్త. కాలువ కింది రెండెకరాలు మాత్రం ఆ కాగితం చూసినంకనే.