రెండు గోల్స్ కొట్టాక ఏం చెయ్యాలి?

ఓడిపోయిన జట్టుని తిట్టడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. స్కోరు చూసి తిట్టేయొచ్చు. గెలిచిన జట్టుని, అదీ ఒక్క గోలు తేడాతో బతుకుజీవుడా అని గెలిచిన జట్టుని పట్టుకుని "గెలిచారు సరే, ముందుకెళ్ళి ఆడటం మానేశారేంటి?" అని నిలదియ్యాలంటే మాత్రం ఆట తెలిసుండాలి. క్రికెట్ విషయంలో మనందరం ఈ పనిలో డాక్టరేట్లు చేసినవాళ్ళమే. ఒకప్పుడు ఈ ఊళ్ళో, ముఖ్యంగా పాతబస్తీలో, ఇదే పంచాయితీ ఫుట్‌బాల్ మీద నడిచేదంటే మాత్రం మనవాళ్ళు నమ్మరు.

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' సినిమా వచ్చినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్లో రెండు రోజులు ఇదే చర్చ. అజయ్ దేవగణ్ వేసిన పాత్ర మన హైదరాబాద్ మనిషిదని చాలామందికి సినిమా చూశాకే తెలిసింది. మా టీంలో ఒకడు మాత్రం వికీపీడియా తెరిచి స్కోర్లు చూసి మంచి ప్రశ్న వేశాడు. "ఫైనల్లో 20 నిమిషాలకే 2-0. తర్వాత 70 నిమిషాలు మనవాళ్ళు ఒక్క గోలూ కొట్టలేదు, పైగా చివర్లో ఒకటి ఇచ్చారు. ఇందులో కోచ్ గొప్పతనం ఏముంది?" అని. అందరూ వాణ్ణి దేశద్రోహిని చూసినట్టు చూశారు. నాకైతే ఆ ప్రశ్న చాలా నచ్చింది. దానికి జవాబు 1962లో లేదు, అంతకుముందు చాలా ఏళ్ళ కథలో ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ లాంటి హైస్కూళ్ళలో పిల్లలకి పాఠాలు చెప్పిన పంతులుగారు. 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. తర్వాత భారత జట్టుకి కూడా. ఊళ్ళో అందరికీ రహీమ్ సాబ్.

అప్పట్లో హైదరాబాద్ కుర్రాళ్ళ ఆటంటే డ్రిబ్లింగే. పొట్టిగా, చురుగ్గా ఉండేవాళ్ళు. బంతి కాలికి అంటించుకుని ఇద్దరు ముగ్గుర్ని బోల్తా కొట్టిస్తే జనం ఈలలు. గోలు పడిందా లేదా అన్నది తర్వాతి సంగతి. రహీమ్ సాబ్ ఏం చేశారంటే, పిల్లలకి అసలు డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే నియమంతో టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందా, ఇంకొకడికి ఇచ్చెయ్. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలని ఇంకో టోర్నమెంటు. జనం చప్పట్లు కొట్టే విద్యనే పక్కన పెట్టమన్నాడంటే ఆ పంతులుగారికి ఎంత ధైర్యం! మన భాషలో చెప్పాలంటే, డెమోకి బాగుండే ఫీచర్లన్నీ పీకేసి లోపలి డిజైన్ మార్చడం అన్నమాట. చూసేవాడికి కొత్తగా ఏమీ కనపడదు. ఫలితం మాత్రం తర్వాతి విడుదలలో తెలుస్తుంది.

తెలిసింది కూడా. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్ పోలీసులదే. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌తో మొదట 2-2, మళ్ళీ ఆడించిన మ్యాచ్‌లో 1-0. ఒక్క గోలు తేడా. కలకత్తాకి పెద్ద క్లబ్బులు, వాటి వెనక లక్షల అభిమానులు. ఇటుపక్క చూస్తే పొద్దున కవాతు, సాయంత్రం ఆట అన్నట్టుండే కానిస్టేబుళ్ళ జట్టు!

ఇక అసలు విషయం. రహీమ్ సాబ్ దాడిలో చేసిన పెద్ద మార్పు 1953 తర్వాతది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. దేశమంతా బూట్ల గురించే మాట్లాడింది. నిజానికి సమస్య కాళ్ళకంటే తలలో ఉంది. మరుసటి ఏడు నవంబరులో హంగేరీ వెంబ్లీకి వెళ్ళి ఇంగ్లండుని 6-3తో ఓడించింది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి దిగి ఆడేవాడు. అతన్ని కాపలా కాయాల్సిన ఇంగ్లీషు డిఫెండరు వెంట వెళ్తే వెనక ఖాళీ, వెళ్ళకపోతే అతను తీరిగ్గా పాస్‌లు ఇస్తాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ పద్ధతిని రహీమ్ సాబ్ మన జట్టులోకి తెచ్చారు. టీవీ లేదు, యూట్యూబ్ లేదు. హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి ఇది పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనది. ఆ సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియా. రెండో సగం మొదట్లోనే నెవిల్ గోలు కొట్టి మనల్ని 1-0 ముందుకు తీసుకెళ్ళాడు. ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఆ గోలు పడ్డ పదిహేను నిమిషాల లోపే వాళ్ళు మూడు కొట్టారు. చివరికి 1-4. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియాతో 0-3.

1960 రోమ్. ఫ్రాన్స్‌తో మ్యాచ్. పి.కె. బెనర్జీ గోలుతో మనం ముందున్నాం. ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా సమం చేశారు. 1-1. హంగేరీతో 1-2, పెరూతో 1-3. ఆ రెండు మ్యాచుల్లో మన గోల్స్ కొట్టినవాడు బొల్లారం దగ్గర అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ కుర్రాడే.

అంటే సమస్య గోల్ కొట్టలేకపోవడం కాదు. యుగోస్లావియా మీద కొట్టాం, ఫ్రాన్స్ మీద కొట్టాం. కొట్టాక ఏం చెయ్యాలో తెలీలేదు. ముందుకెళ్ళి ఇంకోటి కొట్టాలా, వెనక్కొచ్చి తలుపులు మూసుకోవాలా?

ఇప్పుడు 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చూడండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0. థాయిలాండ్ మ్యాచ్‌లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆడలేదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం. కుట్లున్న తలతో వెనక నిలబడి వచ్చిన ప్రతి బంతినీ తలతో కొట్టడం ప్రమాదం, అలాగని ఇంట్లో కూర్చోబెట్టే మనిషీ కాదు. రహీమ్ సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. సినిమాల్లో, వ్యాసాల్లో దీన్ని వీరగాథలా చెప్తారు. వీరగాథే, కాదనను. కానీ ముందు అది ఒక ఎత్తుగడ. జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడే. కోచ్‌కి తన మనుషుల పాత రెజ్యూమేలు గుర్తున్నాయన్నమాట.

సెమీస్‌లో జర్నైల్ ఒకటి, కెప్టెన్ చునీ గోస్వామి ఒకటి, మొదటి సగంలోనే 2-0. మళ్ళీ అదే రోగం! వియత్నాం 2-2 చేసింది. చునీ ఇంకోటి కొట్టబట్టి 3-2తో బయటపడ్డాం. మా టీం కుర్రాడు తిట్టాల్సిన మ్యాచ్ ఉంటే అది ఇదీ.

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్ళీ కొరియాతోనే. స్టేడియంలో దాదాపు లక్ష మంది, అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుబట్టినందుకు ఆ కోపం. మన తరఫున అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళని పి.కె. తర్వాత చెప్పుకునేవాడు. (ఈ ముక్క ఇప్పటి టీవీ చర్చల్లో చెప్తే ఏమవుతుందో!) పి.కె. 17వ నిమిషంలో, జర్నైల్ 20వ నిమిషంలో. 2-0. తర్వాత మనవాళ్ళు జోరు తగ్గించారు. నిజమే. 85వ నిమిషంలో కొరియా ఒకటి కొట్టింది. అంతే. 2-1. బంగారం.

సెమీస్‌లో నిలవని ఆధిక్యం ఫైనల్లో ఎందుకు నిలిచింది? నాకు తోచింది ఇది. సెమీస్‌లో గోల్‌కీపర్ ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కి రహీమ్ సాబ్, జ్వరం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న పీటర్ తంగరాజ్‌ని దింపారు. ఆరడుగుల పైన ఉన్న మనిషి. పైనుంచి వచ్చే బంతుల దగ్గర అతనికి ఎదురులేదు. అంటే గోల్స్ కొట్టాక వెనక్కొచ్చి కాచుకోవాల్సి వస్తుందని మ్యాచ్ మొదలవ్వకముందే లెక్క వేసుకున్నారని నా నమ్మకం. ఆటలు ఆగస్టు 24న మొదలై ఆరోజుతో ముగిశాయి, ఆ లోపు మనకి అది ఐదో మ్యాచ్. ఒకడికి తలలో కుట్లు, ఒకడికి జ్వరం. అలసినవాడి బదులు ఇంకొకణ్ణి దింపే సౌకర్యం ప్రపంచ కప్‌లోనే 1970లో గానీ రాలేదు. ఆ పరిస్థితిలో 20వ నిమిషంలో కోడ్ ఫ్రీజ్ చెయ్యడం పిరికితనం కాదు. మెల్‌బోర్న్‌లో ఆ పావుగంట చూసిన మనిషి నేర్చుకున్న పాఠం.

అయితే దాడిని విమర్శించడానికి ఏమీ లేదా అంటే, ఉంది. అది వేరేచోట ఉంది. ఐదు మ్యాచుల్లో మన గోల్స్ 11. పి.కె. 4, చునీ 3, బలరాం 2, జర్నైల్ 2. అంటే ముగ్గురు మనుషుల మీద నడిచిన దాడి, నాలుగోవాడు అరువు తెచ్చుకున్న డిఫెండరు! ఆసియా చాంపియన్ దగ్గర నమ్మకమైన సెంటర్ ఫార్వర్డ్ లేడు. బంగారు పతకం మెరుపులో ఇది ఎవరికీ కనపడలేదు. బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే, ఇరవై ఏడేళ్ళకే ఆట మానేశాడు. రహీమ్ సాబ్ జకార్తా నాటికే అనారోగ్యంతో ఉన్నారు. 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఒకే ఏడాదిలో దాడిలో మూడో వంతు, దాని రూపకర్త ఇద్దరూ లేకుండా పోయారు. 1966 ఏషియన్ గేమ్స్‌లో మనం మొదటి దశ కూడా దాటలేదు. 1970లో మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా కంచు వచ్చింది. ఆ తర్వాత ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఇప్పటిదాకా సున్నా.

ఇక మన ఊరి సంగతి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, తర్వాత చెప్పుకోదగ్గది తక్కువ. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మన ఐటీవాళ్ళ గుమ్మం ముందే, గచ్చిబౌలి స్టేడియంలో. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ కూడా గెలిచింది, కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, పెనాల్టీల్లో 3-1. అది కూడా అతిదగ్గరి గెలుపే. 88వ నిమిషం దాకా వెనకబడే ఉన్నాం. ఆ మ్యాచ్ గోవాలో. కోవిడ్ వల్ల ఆ సీజనంతా అక్కడే. మర్నాడు మా ఫ్లోర్లో దాని గురించి మాట్లాడినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పెద్దగా ఎవరూ గొడవ చెయ్యలేదు. క్రికెట్ జట్టు అలా వెళ్ళుంటే సచివాలయం ముందు ధర్నాలు జరిగేవి.

పాతబస్తీ చివర బార్కస్‌లో మాత్రం ఆట ఇంకా బతికే ఉంది. నిజాం అరబ్బు సైనికుల బారక్స్ ఉన్నచోటు, అందుకే ఆ పేరు. అక్కడ ఒక సాయంత్రం కుర్రాళ్ళ మ్యాచ్ చూశాను. 2-1తో గెలిచిన జట్టు గంతులేసుకుంటూ బయటికొస్తుంటే గట్టుమీద కూర్చున్న ఒక పెద్దాయన ముందువరస కుర్రాణ్ణి ఆపేశాడు. "జీతే తో క్యా హువా, ఉనే ఖాలీ ఖడా థా, పాస్ కైకు నై దియా?" ఆ పిల్లాడు తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఆయన ఇంకో పది నిమిషాలు వదల్లేదు.